చలికాలానికి ఇన్సులేటెడ్ సాఫ్ట్‌షెల్ జాకెట్: మూడు రకాల పోలిక, ఎంపికకు సలహా

చలికాలపు జాకెట్ కొనబోయేవారు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇది ఎన్ని డిగ్రీల చలికి పనికొస్తుంది? ప్రశ్న సహజమైనదే గానీ, దానికి ఒక్క అంకెతో చెప్పగల జవాబు లేదు. సున్నాకు 5 డిగ్రీలు దిగువన ఉన్న ఒక ఉదయం ఒకే రకం జాకెట్ వేసుకున్న ఇద్దరిలో, బస్సు కోసం అరగంట నిలబడ్డ మనిషి వణికిపోతుంటే, అదే దారిలో ఏటవాలు ఎక్కుతూ వేగంగా నడిచే మనిషి జిప్ సగానికి దించి నుదుటి చెమట తుడుచుకుంటాడు. ఊరికే కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని పుట్టిస్తుంది. చురుగ్గా నడిస్తే అది దాదాపు మూడింతలవుతుంది. వీపున బరువుతో కొండ దారి ఎక్కుతుంటే ఐదారింతల దాకా వెళ్తుంది. జాకెట్ తనంతట తాను వేడిని పుట్టించదు, ఒంట్లో పుట్టిన వేడి ఎంత వేగంగా బయటికి పోవాలో మాత్రమే నిర్ణయిస్తుంది. అందువల్ల ఈ సలహా అంతా, బయట ఎంత చలి ఉందన్న లెక్క కంటే ముందుగా, ఆ చలిలో మీరు ఎంతసేపు కదులుతారు, ఎంతసేపు ఆగి ఉంటారు అన్న లెక్క మీద ఆధారపడి ఉంటుంది.

సాఫ్ట్‌షెల్ అనే పేరు ఎలా వచ్చిందో తెలుసుకుంటే దాని పరిమితులూ తెలుస్తాయి. వాననూ మంచునూ పూర్తిగా ఆపే జాకెట్లు బిరుసుగా, కదిలినప్పుడల్లా గరగరమంటూ ఉంటాయి కాబట్టి వాటిని హార్డ్‌షెల్ అన్నారు. 1969లో బాబ్ గోర్ పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్‌ను ఒక్కసారిగా గుంజి సాగదీసి, నీటి చుక్క దూరలేనంత చిన్నవీ, నీటి ఆవిరి మాత్రం దాటిపోగలిగినవీ అయిన రంధ్రాలతో నిండిన పదార్థాన్ని తయారు చేయడంతో ఆ తరహా జాకెట్లలోంచి చెమట ఆవిరి కొంత బయటికి పోవడం మొదలైంది, కానీ వాటి బిరుసుదనం పోలేదు. మరోవైపు ఫ్లీస్ అనే నూగు గల పాలియెస్టర్ బట్ట మెత్తగా, తేలికగా, వెచ్చగా ఉండేది గానీ గాలి వీచిందంటే జల్లెడలా వదిలేసేది. ఈ రెంటికీ నడుమ, నైలాన్ లేదా పాలియెస్టర్ దారానికి రబ్బరులా సాగే ఎలాస్టేన్ దారాన్ని కొద్ది శాతం కలిపి బిగువుగా నేసి, పైముఖానికి నీటిని జారవిడిచే పూత పూసి, లోపలి ముఖాన్ని మెత్తగా రేపిన సాగే బట్టను సాఫ్ట్‌షెల్ అన్నారు. దీన్ని పుట్టించిన ఉద్దేశం వానను పూర్తిగా ఆపడం కాదు. గాలిని చాలావరకు ఆపుతూ, తుంపరనూ పొడి మంచునూ కొంతసేపు తట్టుకుంటూ, చెమటను బయటికి పంపడం. ఈ వరుసను గుర్తుంచుకుంటే, కొన్న తరువాత కలిగే నిరాశల్లో సగం కలగవు.

ఈ బట్టకు చలికాలపు వెచ్చదనాన్ని జోడించడానికి తయారీదారులు ముఖ్యంగా మూడు దారులు ఎంచుకుంటారు. మొదటిది, బట్ట వెనుక మందపాటి ఫ్లీస్‌ను నేరుగా అతికించడం. రెండవది, పైబట్టకూ లోపలి ఫ్లీస్‌కూ మధ్య మెంబ్రేన్ అనే, గాలి చొరబడని పలుచని పొరను పెట్టి మూడు పొరలనూ ఒకటిగా అతికించడం. మూడవది, సాగే పైబట్టకూ పలుచని లైనింగ్‌కూ మధ్య కృత్రిమ పీచుతో చేసిన ప్యాడింగ్‌ను పరిచి కుట్టడం. దుకాణంలో ఈ మూడూ ఒకే వరుసలో, ఒకే పేరుతో వేలాడుతుంటాయి. ఒంటి మీద మాత్రం మూడూ వేర్వేరుగా ప్రవర్తిస్తాయి.

మెంబ్రేన్ ఉండాలా, వద్దా

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఇదే, ఎక్కువమంది పొరపాటు పడేదీ ఇక్కడే. మెంబ్రేన్ ఉన్న జాకెట్ దుకాణంలో వేసుకుంటే ఎంతో భద్రంగా అనిపిస్తుంది, చేతికి గట్టిగా తగులుతుంది, లేబుల్ మీద పెద్ద పెద్ద అంకెలు ఉంటాయి. నేను మొదట కొన్నదీ అలాంటిదే. మందపాటి ఫ్లీస్, నడుమ మెంబ్రేన్, గడ్డం దాకా కాలర్. సున్నాకు పది పన్నెండు డిగ్రీల దిగువన ఉన్న ఒక ఉదయం దాన్ని వేసుకుని రెండు గంటలపాటు ఎక్కుడు దారిలో నడిచాను. నడిచినంతసేపూ చలి అన్న మాటే తోచలేదు. పైకి చేరి బ్యాగు దించి కూర్చున్నాక, బ్యాగు ఆనిన మేర వీపంతా తడిసి ఉందని తెలిసింది. పది నిమిషాలు తిరగకముందే ఆ తడి చల్లబడి వెన్ను వెంట వణుకు మొదలైంది. సాయంత్రం జాకెట్ విప్పి లోపలి వైపు తిప్పి చూస్తే, భుజాల దగ్గర, ముంజేతుల దగ్గర ఫ్లీస్ పీచు కొసల మీద ఉప్పు చల్లినట్టు సన్నని మంచు పేరుకుని ఉంది. వేలితో రాస్తే పొడిలా రాలింది. అది బయటి నుంచి వచ్చిన మంచు కాదు, నా చెమటే. బయటికి పోయే దారి చాలక, చల్లని మెంబ్రేన్‌ను తాకి గడ్డకట్టింది.

దీని వెనుక ఉన్న సూత్రం సులభమైనదే. మనల్ని వెచ్చగా ఉంచేది ఫ్లీస్ గానీ ప్యాడింగ్ గానీ కాదు, వాటి పీచుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. నిశ్చలమైన గాలి వేడిని చాలా నెమ్మదిగా దాటనిస్తుంది. నీరు దానికి ఇరవై రెట్లకు పైగా వేగంతో దాటనిస్తుంది. గాలి ఉండవలసిన చోట చెమట చేరిందంటే, ఎంత మందమైన జాకెట్ అయినా పలుచబడినట్టే లెక్క. అందుకే చలిలో కష్టపడి కదిలేవారికి చెమట, బయటి చలితో సమానమైన శత్రువు.

అలాగని మెంబ్రేన్ పనికిరానిదని నేను అనడం లేదు. గాలి చేసే హాని తక్కువది కాదు. కెనడా, అమెరికా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్న లెక్క ప్రకారం, సున్నా డిగ్రీల వద్ద గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే కప్పులేని ముఖ చర్మానికి ఆ చలి మైనస్ 5లా తగులుతుంది. మైనస్ 10 వద్ద 30 కిలోమీటర్ల గాలి ఉంటే మైనస్ 20లా తగులుతుంది. జాకెట్‌లోకి దూరిన గాలి, పీచుల మధ్య వెచ్చబడిన గాలిని తోసేసి ఆ చోటును తాను ఆక్రమిస్తుంది. ఎత్తైన బయలులో గంటల తరబడి నిలబడేవారికి, మోటారు సైకిల్ మీద వెళ్ళేవారికి, కాపలా పనిలో ఉన్నవారికి మెంబ్రేన్ నిజంగా అవసరం. వారు పెద్దగా చెమటోడ్చరు, గాలి మాత్రం వారిని వదలదు. మోటారు సైకిల్ నడిపేవారికి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి: ఇది గాలిని ఆపుతుందే గానీ, కింద పడితే రోడ్డు రాపిడి నుంచి కాపాడదు.

మెంబ్రేన్ లేని బట్టల్లోనూ అన్నీ ఒకటి కావు. నేత బిగువును బట్టి కొన్ని గాలిని తొంభై పాళ్ళు ఆపినట్టే అనిపిస్తాయి, కొన్ని ఉదారంగా వదిలేస్తాయి. తేడా తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. బట్టను నోటికి గట్టిగా ఆనించి ఊదండి, అవతలి వైపు అరచేయి పెట్టండి. ఎంత గట్టిగా ఊదినా అరచేతికి ఏమీ తగలకుండా బుగ్గలు ఉబ్బుతుంటే లోపల మెంబ్రేన్ ఉందని అర్థం. బాగా బలంగా ఊదితే గానీ సన్నగా తగలకపోతే, అది నడిచేవారికి అనువైన బిగువైన నేత. మామూలుగా ఊదినా ధారాళంగా తగిలితే, అది గాలి లేని రోజులకూ పరుగుకూ పనికివస్తుందే తప్ప, గాలివాటు కొండలకు ఒంటరిగా చాలదు.

నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలంటే, రోజులో ఎక్కువ భాగం నడకలో గడిపేవారు మెంబ్రేన్ లేని బిగువైన నేతనే ఎంచుకోవాలి. దారిలో గాలి మరీ ఎక్కువైనప్పుడు పైన వేసుకోవడానికి పిడికిలిలో ఇమిడేంత పలుచని గాలిచొక్కా ఒకటి బ్యాగులో ఉంచుకుంటే సరిపోతుంది. జాకెట్ లోపల శాశ్వతంగా అతికిన మెంబ్రేన్‌ను మాత్రం అవసరం లేనప్పుడు విప్పి పక్కన పెట్టలేం.

లేబుల్ మీద అంకెలు

నీటి నిరోధాన్ని మిల్లీమీటర్లలో ఇస్తారు. బట్ట మీద నిలువుగా నీటి స్తంభాన్ని పెంచుకుంటూ పోతే ఎంత ఎత్తు దగ్గర నీరు అవతలికి కారడం మొదలవుతుందో ఆ ఎత్తే ఆ అంకె. 10,000 మిల్లీమీటర్లు అంటే పది మీటర్ల నీటి ఒత్తిడిని బట్ట ఆపిందన్నమాట. అయితే ఆ పరీక్ష బట్ట ముక్కకు చేసింది, జాకెట్‌కు కాదు. చాలా సాఫ్ట్‌షెల్‌లలో కుట్టు వెంట లోపల టేపు అతికించరు, కాబట్టి ప్రతి కుట్టు రంధ్రమూ నీటికి ఒక తలుపే. భుజం మీది కుట్టును లోపలి వైపు తిప్పి చూడండి. పలుచని మెరిసే పట్టీ అతికించి ఉండకపోతే, అంకె ఎంత పెద్దదైనా అది వాన జాకెట్ కాదు.

చెమట ఆవిరిని బయటికి పంపే శక్తిని ఒక చదరపు మీటరు బట్టలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి దాటుతుందో ఆ లెక్కన ఇస్తారు. అంకె పెద్దదైతే మంచిది. కానీ ఈ పరీక్షను చేసే పద్ధతులు అనేకం ఉన్నాయి, ఒకే బట్ట ఒక పద్ధతిలో సాధించిన అంకెను మరో పద్ధతిలో సాధించదు, పైగా లేబుల్ మీద పద్ధతి పేరు అరుదుగా ఉంటుంది. అందుకే రెండు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం వృథా. ఆర్ఈటీ అనే మరో కొలత ఇంతకంటే నమ్మదగినది. అది ఆవిరికి బట్ట చూపే అడ్డంకిని కొలుస్తుంది కాబట్టి చిన్న అంకె మంచిది. 6 కంటే తక్కువైతే ఆవిరి చాలా సులువుగా పోతుందని, 20 దాటితే ఉక్కపోత తప్పదని స్థూలంగా అనుకోవచ్చు.

పని దుస్తులుగా అమ్మే జాకెట్ల మీద యూరప్ ప్రమాణాల గుర్తులు కనబడవచ్చు. వాటిలో ఈఎన్ 14058 మైనస్ 5 డిగ్రీల దాకా ఉండే చల్లదనానికి, ఈఎన్ 342 అంతకంటే తీవ్రమైన చలికి ఉద్దేశించినవి. చలిలో నిలబడి పనిచేసేవారికి, ఏ పరీక్షతోనూ ముడిపడని ఉష్ణోగ్రతను లేబుల్ మీద ముద్రించిన జాకెట్ కంటే, ఈ గుర్తు ఉన్న జాకెట్ మీద ఎక్కువ భరోసా పెట్టుకోవచ్చు.

ప్యాడింగ్ ఉన్నవి, వాటి బరువు లెక్క

మూడవ రకం జాకెట్లలో 40, 60, 80, 100 వంటి అంకెలు కనబడతాయి. అవి ఒక చదరపు మీటరు ప్యాడింగ్ ఎన్ని గ్రాములు తూగుతుందో చెబుతాయి. ఇది మందం కాదు, జాకెట్ మొత్తం బరువూ కాదు. 40 గ్రాములది పలుచన, కదిలేవారికి చాలు. 60 నుంచి 80 దాకా మధ్యరకం, నడకా విరామమూ కలిసిన రోజుకు సరిపోతుంది. 100 దాటితే అది నిలబడేవారి జాకెట్. మంచి జాకెట్లలో ఛాతీకీ వీపుకూ ఒక బరువు, చేతులకు అంతకంటే తక్కువ బరువు వాడతారు. మొండెం వెచ్చగా ఉంటేనే వేళ్ళకు రక్తం చక్కగా అందుతుంది కాబట్టి, చేతుల్లో తగ్గించడం పొదుపు కోసం చేసిన మోసం కాదు. కదలికకు వీలు కల్పించే తెలివైన పనే.

ఈ కృత్రిమ పీచు కథ సైన్యంతో ముడిపడి ఉంది. బాతు ఈకలు తడిస్తే ముద్దకట్టి పనికిరాకుండా పోతున్నాయని, తడిసినా పొంగు నిలుపుకునే ప్రత్యామ్నాయం కావాలని అమెరికా సైన్యం కోరగా 1980లలో ప్రైమాలాఫ్ట్ అనే కృత్రిమ ప్యాడింగ్ రూపొందింది. తరువాత కదులుతున్న సైనికుడికి చెమట నిలవకుండా వెచ్చదనం ఇచ్చే ప్యాడింగ్ అవసరమై, గాలి ఆడే పోలార్‌టెక్ ఆల్ఫా 2012 ప్రాంతంలో బయటికి వచ్చింది. పాత తరహా ప్యాడింగ్ పీచు బయటికి పొడుచుకు రాకుండా దాన్ని ఊపిరాడనంత దట్టమైన లైనింగ్‌తో కప్పవలసి వచ్చేది. కొత్త తరహాలో పీచు తనంతట తాను చెదరకుండా అల్లి ఉంటుంది కాబట్టి, లైనింగ్ పలుచగా ఉండవచ్చు, కొన్నిటిలో అసలే ఉండకపోవచ్చు. సాగే పైబట్టకు ఇలాంటి ప్యాడింగ్ జతపడితే, ఆగినప్పుడు వెచ్చగా ఉంటూ కదిలినప్పుడు ఉక్క పోయని జాకెట్ తయారవుతుంది. పనిలోనూ విరామంలోనూ ఒకే జాకెట్ విప్పకుండా ఉంచుకోవాలనుకునేవారికి నేను మొదట సూచించేది ఇదే.

ప్యాడింగ్‌ను ఎలా కుట్టారో కూడా చూడాలి. పైబట్ట నుంచి లోపలి లైనింగ్ దాకా ఆరపార కుట్టిన ప్రతి గీత దగ్గరా ప్యాడింగ్ నలిగిపోయి సన్నబడుతుంది, ఆ గీత వెంట చలి లోపలికి వస్తుంది. రెండు వేళ్ళతో కుట్టు గీతనూ, పక్కనున్న ఉబ్బునూ నొక్కి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. గీతలు దగ్గరదగ్గరగా ఉన్న జాకెట్ చూడటానికి అందంగా ఉన్నా గాలిలో చల్లగా తగులుతుంది. ప్యాడింగ్‌ను లోపల వేలాడదీసి, పైబట్టను కుట్టు లేకుండా మృదువుగా వదిలినది వెచ్చగా ఉంటుంది.

ముందు భాగంలో ప్యాడింగ్, పక్కలా చంకల కిందా సాగే ఫ్లీస్ పెట్టిన మిశ్రమ రకం కూడా ఉంది. సైకిల్ తొక్కేవారికి, మంచు మీద స్కీలతో నడిచేవారికి అది బాగా నప్పుతుంది, ఎందుకంటే గాలి తగిలేది ఛాతీకి, చెమట పట్టేది చంకలకూ వీపుకూ. పక్క గాలి వీచే చోట నిలబడేవారికి మాత్రం అది సరిపోదు.

బాతు ఈకల జాకెట్ ఎందుకు వద్దు అని కొందరు అడుగుతారు. వద్దనడానికి లేదు. బరువుకు తగ్గ వెచ్చదనంలో దానికి సాటి లేదు; పొడి చలిలో, కదలకుండా ఉన్నప్పుడు అదే ఉత్తమం. కానీ చెమట పట్టే పనిలో దాన్ని వేసుకుంటే ఈకలు తేమ పీల్చి అణగిపోతాయి. అది సాఫ్ట్‌షెల్‌కు పోటీ కాదు, తోడు. ఆగినప్పుడు సాఫ్ట్‌షెల్ పైన వేసుకుని, మళ్ళీ కదిలేటప్పుడు తీసి మడిచి పెట్టుకోవలసిన వస్తువు.

సున్నా చుట్టుపక్కల తడి చలి

విచిత్రంగా తోచవచ్చు గానీ, మైనస్ 15 కంటే ప్లస్ 2 డిగ్రీలు ఎంపికను ఎక్కువ కష్టం చేస్తాయి. మైనస్ 15లో మంచు పొడిగా ఉంటుంది, భుజం మీద పడితే దులిపేస్తే పోతుంది. సున్నా దగ్గర పడే మంచు ఒంటికి తగలగానే కరుగుతుంది, గంటలో జాకెట్ పైబట్ట నీరు పట్టి బరువెక్కుతుంది. నీరు పట్టిన పైబట్ట ఆవిరినీ వదలదు, అంటే లోపలి చెమట కూడా ఇరుక్కుంటుంది. మీ చలికాలం ఎక్కువగా ఈ తరహాదైతే, మందపాటి సాఫ్ట్‌షెల్ మీద అంతా పెట్టకుండా, పలుచగా ఉండి మెంబ్రేన్ లేని సాఫ్ట్‌షెల్‌నూ, దాని పైన వేసుకోగలిగే నిజమైన వాన జాకెట్‌నూ విడివిడిగా కొనుక్కోవడం మేలు. ఈ ఒక్క పరిస్థితిలో మాత్రం ఇన్సులేటెడ్ సాఫ్ట్‌షెల్‌ను నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేయలేను.

లోపల ఏం వేసుకుంటారు

జాకెట్ ఎంపికలో ఎంతో శ్రద్ధ చూపినవారు లోపల నూలు బనీను వేసుకుని ఆ శ్రమనంతా వృథా చేసుకోవడం నేను చాలాసార్లు చూశాను. నూలు చెమటను బాగా పీల్చి, పట్టుకుని, చాలాసేపు వదలదు. ఒంటికి అంటుకున్న తడి గుడ్డగా మిగులుతుంది. పాలియెస్టర్ తన బరువులో అర శాతం కూడా తేమను పీచులోకి తీసుకోదు, చెమటను పైకి పాకించి త్వరగా ఆరుతుంది. ఉన్ని తేమను పీచు లోపలికి తీసుకుంటుంది గానీ ముట్టుకుంటే తడిగా అనిపించదు, వాసన కూడా త్వరగా పట్టదు. సన్నని ఉన్ని లేదా పాలియెస్టర్ లోపొర మీద మధ్యరకం సాఫ్ట్‌షెల్ వేసుకున్న మనిషి, నూలు బనీను మీద ఖరీదైన జాకెట్ వేసుకున్న మనిషి కంటే సుఖంగా ఉంటాడు. చేతిలో డబ్బు పరిమితంగా ఉంటే ముందు లోపొర కొనండి.

ఒంటి మీద వేసి చూసేటప్పుడు

చలికాలంలో లోపల వేసుకునే దుస్తులతోనే దుకాణానికి వెళ్ళాలి. జాకెట్ మరీ బిగుతుగా ఉంటే ప్యాడింగ్ నలిగి గాలి ఉండే చోటు తగ్గుతుంది. మరీ వదులుగా ఉంటే అడుగు వేసినప్పుడల్లా వెచ్చని గాలి మెడ దగ్గర నుంచి బయటికి పోయి, నడుము దగ్గర నుంచి చల్లని గాలి లోపలికి వస్తుంది. రెండు చేతులూ తల పైకి ఎత్తండి. నడుము కనబడితే ఆ జాకెట్ పొట్టిది. చేతులు ముందుకు చాచండి; మణికట్టు బయటపడితే గ్లవ్‌కూ చేతి అంచుకూ మధ్య సందు రోజంతా చలికి ఆహారమవుతుంది. ముందుకు వంగి బూటు లేసు కట్టుకున్నట్టు చేయండి. వీపు అడుగుభాగం కప్పి ఉండాలి, అందుకే వెనుక అంచు ముందు అంచు కంటే కొద్దిగా దిగి ఉన్న జాకెట్ మంచిది.

హుడ్ వేసుకుని తల పక్కకు తిప్పండి. తలతోపాటు హుడ్ తిరగాలి. మీ కన్ను హుడ్ లోపలి బట్టను చూస్తోందంటే రోడ్డు దాటేటప్పుడు అది ప్రమాదమే. జిప్‌ను పూర్తిగా పైకి లాగి గడ్డం తాకే చోట బట్ట మడత ఉందో లేదో చూడండి. ఆ చిన్న మడత లేకపోతే గడ్డకట్టిన లోహం రోజంతా చర్మాన్ని గీకుతుంది. జిప్ వెనుక నిలువుగా ఒక పట్టీ కూడా ఉండాలి, లేకపోతే పళ్ళ సందుల్లోంచి చలి ఛాతీకి తగులుతుంది.

ఇంకొక పరీక్షను అందరూ మరిచిపోతారు. మీ గ్లవ్స్ తొడుక్కుని జిప్‌ను తీసి వేయండి, జేబులు తెరవండి, హుడ్ తాడు బిగించండి. వెచ్చని గదిలో వట్టి వేళ్ళతో తేలికగా చేసే ఈ పనులు, చలిలో మందపాటి గ్లవ్స్‌తో అసాధ్యం కావచ్చు. జిప్ కొసన ఉండే లాగుడు పట్టీ పొడవుగా ఉందా, గ్లవ్‌కు చిక్కుతుందా అన్న చిన్న విషయం వల్ల, అవసరమైనప్పుడు మీరు జిప్ దించి ఉక్క వదులుతారా లేక బద్ధకించి చెమటలో నానతారా అన్నది తేలుతుంది. చంకల కింద జిప్‌లు మెంబ్రేన్ ఉన్న జాకెట్‌లో తప్పనిసరి. మెంబ్రేన్ లేనిదానిలో అవి లేకపోయినా నష్టం లేదు. కింది నుంచి కూడా తెరుచుకునే జిప్ కూర్చునేవారికీ, నడుముకు తాడు కట్టుకుని కొండ ఎక్కేవారికీ ఎంతో సుఖం. బ్యాగు నడుము పట్టీ కట్టేవారికి జేబులు కొంచెం పైకి ఉండాలి. చలిలో ఫోన్ బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి ఒంటికి దగ్గరగా లోపలి జేబు ఒకటి ఉండటం చాలా ఉపయోగం.

పూత, ఉతుకు

నీటిని జారవిడిచే పూతకు పూర్వం ఫ్లోరిన్ కలిసిన పీఎఫ్ఏఎస్ రసాయనాలు వాడేవారు. అవి నీటినీ నూనెనూ రెంటినీ తోసేసేవి, కానీ ప్రకృతిలో విచ్ఛిన్నం కాకుండా ఏళ్ళ తరబడి మిగిలిపోతాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి, ఫ్రాన్స్‌లో 2026 జనవరి నుంచి దుస్తుల్లో వీటి మీద నిషేధం అమల్లోకి వచ్చింది, దానితో తయారీదారులు ఫ్లోరిన్ లేని పూతలకు మారారు. కొత్త పూతలు నీటిని బాగానే జారవిడుస్తాయి గానీ ఒంటి జిడ్డునూ నూనె మరకలనూ అంతగా తట్టుకోవు. అందువల్ల కాలర్ దగ్గర, చేతి అంచుల దగ్గర జిడ్డు పట్టిన చోట నీరు ఇంకడం మొదలవుతుంది. దీన్ని లోపంగా భావించి జాకెట్‌ను పక్కన పడేయనక్కర్లేదు, కొంచెం తరచుగా ఉతికితే చాలు.

ఉతకడానికి భయపడేవారే ఎక్కువ, ఉతకకపోవడమే అసలు హాని. జిప్‌లన్నీ మూసి, వెల్క్రో అతికించి, 30 డిగ్రీల నీటిలో కొద్దిపాటి ద్రవ డిటర్జెంట్‌తో ఉతికి, రెండుసార్లు జాడించాలి. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ ఎప్పుడూ వాడకూడదు. అది పీచు మీద పూతలా మిగిలి నీటిని ఆకర్షిస్తుంది, ఆవిరి దారిని మూసేస్తుంది. లేబుల్ అనుమతిస్తే డ్రైయర్‌లో తక్కువ వేడి మీద ఇరవై నిమిషాలు తిప్పితే అణగిన పూత మళ్ళీ లేచి, నీటి చుక్కలు ముత్యాల్లా నిలబడతాయి. అప్పటికీ నిలబడకపోతే కొత్త పూత స్ప్రే చేసే సమయం వచ్చినట్టు. ప్యాడింగ్ జాకెట్‌ను వేసవిలో సంచిలో కుక్కి దాచకుండా హ్యాంగర్‌కు వేలాడదీయండి. నెలల తరబడి నలిగిన కృత్రిమ పీచు తన పొంగును తిరిగి పూర్తిగా పొందదు.

ఎవరికి ఏది

రోజూ నడిచి పనికి వెళ్ళి, దారిలో కొంతసేపు ఆగవలసిన వారికి బిగువైన నేత గల, మెంబ్రేన్ లేని, ఫ్లీస్ అతికిన జాకెట్ చాలు. మైనస్ 5 దాటి దిగితే లోపల ఒక సన్నని ఉన్ని పొర కలిపితే సరి. కొండ నడకలకు, మంచు దారులకు గాలి ఆడే 60 గ్రాముల ప్యాడింగ్ రకాన్ని ఎంచుకుని, విరామానికి ఈకల జాకెట్‌ను విడిగా మోయండి. పక్షులను చూస్తూ, ఫోటోలు తీస్తూ, పిల్లల ఆటలను గమనిస్తూ నిలబడిపోయేవారు మెంబ్రేన్, 100 గ్రాములకు పైబడిన ప్యాడింగ్, తొడల దాకా వచ్చే పొడవు చూసుకోవాలి. వారికి ఆవిరి అంకెల గురించి పెద్దగా బెంగ అవసరం లేదు. రెండింటికీ ఒకే జాకెట్ కావాలని పట్టుపట్టేవారికి నా సలహా, కదలికకు తగినట్టు పలుచనిదే కొనమని. చాలని వెచ్చదనాన్ని పైపొరతో కలుపుకోవచ్చు, మితిమీరిన వెచ్చదనాన్ని మాత్రం కత్తిరించి తీసేయలేం. ఇప్పటికే ఒక మంచి ఫ్లీస్, ఒక పలుచని గాలిచొక్కా మీ దగ్గర ఉంటే, ఆ జత ఇన్సులేటెడ్ సాఫ్ట్‌షెల్ చేసే పనిలో చాలా భాగం చేస్తుంది కాబట్టి, ఈ చలికాలం దానితో గడిపి చూసి, ఎక్కడ చాలలేదో గమనించాకే కొనండి.

కొన్న తరువాత, తిరిగి ఇచ్చే గడువు ఉండగానే, లేబుల్ కత్తిరించకుండా ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. బాగా చలిగా ఉన్న ఉదయం మీ మామూలు లోపొర మీద జాకెట్ వేసుకుని, మెట్లు పది నిమిషాలపాటు ఆగకుండా ఎక్కి దిగండి. ఆ వెంటనే తలుపు తెరిచి, గాలి తగిలే చోట మరో పది నిమిషాలు కదలకుండా నిలబడండి. మొదటి పది నిమిషాల చివర వీపు మీద చేయి పెట్టి తడి చూసుకోండి, రెండవ పది నిమిషాల చివర వణుకు వచ్చిందో లేదో చూసుకోండి. వీపు తడిసి ఉంటే తక్కువ మందమైనదానికీ, మెంబ్రేన్ లేనిదానికీ మార్చుకోండి. వీపు పొడిగా ఉండి కూడా వణుకు వస్తే ఇంకొంచెం బిగువైన నేతకో, ఎక్కువ గ్రాముల ప్యాడింగ్‌కో మారండి.